టేకు మీద తెల్ల రంగు వేయకండి, ప్లీజ్

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు పాత చెక్క అల్మరాకి తెల్ల రంగు పూసేసి, బంగారు రంగు పిడి ఒకటి బిగించి, పక్కన మనీప్లాంట్ పెట్టి "చూశారా ఎంత మారిపోయిందో" అంటుంటారు. నేనూ చూస్తాను ఆ వీడియోలు, రాత్రి నిద్ర మానుకుని మరీ చూస్తాను. కానీ వాటిలో ఎక్కువ అమెరికా వాళ్ళవి, ఇంగ్లండ్ వాళ్ళవి. అక్కడ పాత షాపుల్లో దొరికే సామానులో పైన్ చెక్కవీ, పల్చటి చెక్క పొర (వెనీర్) అతికించిన బోర్డువీ చాలా ఉంటాయి, వాటికి రంగు పూస్తే పోయేదేం లేదు. మన పాత సామాన్ల బజారులో ఓపిగ్గా వెతికితే టేకు దొరుకుతుంది. ఆ టేకు మీద తెల్ల ఎనామిల్ పూసి, మళ్ళీ అక్కడక్కడా గీకి "వింటేజ్ లుక్" అనడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మాది హైదరాబాద్‌లో అద్దె ఇల్లు. మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ తప్ప మా హాల్లో, బాల్కనీలో ఉన్నదంతా దాదాపు ఎవరో ఒకరు వాడి వదిలేసినవే. ఇంటికి వచ్చినవాళ్ళు "ఎక్కడ కొన్నావ్, ఎంత పడింది, నువ్వే చేశావా" అని అడుగుతారు. ప్రతిసారీ అరగంట చెప్పే బదులు ఇక్కడ రాసి పెట్టేస్తే లింకు పంపొచ్చు కదా అని ఈ పోస్టు.

ముందు ఎక్కడ దొరుకుతాయో చెప్పేస్తాను. పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్ ఉంది, పేరులోనే ఉన్నట్టు గురువారం సంత, పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కేసరికి మంచివి వెళ్ళిపోతాయి. ఎర్రగడ్డలో ఆదివారం సంత ఇంకోటి, అక్కడ పనిముట్లు, ఇత్తడి, ఇనుము, పాత ఫ్యాన్లు, తాళాలు, ఏవేవో. రెండు చోట్లా చెప్పిన ధర ఎవరూ ఇవ్వరు, "భయ్యా, సహీ బోలో" అని నవ్వుతూ మొదలుపెట్టి, నాలుగడుగులు వెళ్ళిపోయినట్టు నటిస్తే వెనక్కి పిలుస్తారు. పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లలో అయితే నెలాఖరు మంచి సమయం. బెంగళూరో అమెరికానో వెళ్ళిపోతున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేసే టెన్షన్‌లో ఉంటారు, "ఆదివారంలోపు తీసుకెళ్తే చాలండి" అనే మాట వినిపించిందంటే ధర సగమైనట్టే. అన్నిటికన్నా మంచి బజారు మాత్రం మన చుట్టాల ఇళ్ళలో అటక. అత్తయ్యనో పెద్దమ్మనో "ఆ అటక మీద ఏమున్నాయి పెద్దమ్మా" అని అడిగి చూడండి. అడిగితే కాఫీ ఇచ్చి మరీ ఇస్తారు, అడగకపోతే వచ్చే పండక్కి పాత ఇనుప సామాన్ల బండికి వేసేస్తారు. మా పడక కుర్చీ అలా బండి ఎక్కబోతుంటే దింపించుకున్నదే.

కొనేటప్పుడు నేను చూసేవి కొన్నే. వస్తువుని తిరగేసి కింద భాగం చూస్తాను, పైన ఎంత రంగు పూసినా కింద ఎవరూ పూయరు, అసలు చెక్క ఏమిటో అక్కడ తెలుస్తుంది. గోటితో గీకితే పొట్టులా రాలుతుంటే, కాళ్ళ దగ్గర నీళ్ళు తగిలి ఉబ్బి ఉంటే అది పార్టికల్ బోర్డు, ఉచితంగా ఇచ్చినా తీసుకోను. ఒకసారి ఉబ్బిన బోర్డుకి మందు లేదు. తర్వాత పుచ్చు. గుండుసూది తలంత రంధ్రాలు ఉన్నా ఫర్వాలేదు, అవి పాతవైతే. పురుగు ఇంకా ఉందా లేదా తెలుసుకోవాలంటే ఇంటికి తెచ్చాక బాల్కనీలోనే ఉంచి కింద నల్ల కాగితం పరచండి, రెండు మూడు రోజుల్లో సన్నటి పొడి పడితే లోపల పని నడుస్తున్నట్టే. పురుగుమందును సిరంజితో ప్రతి రంధ్రంలోకీ ఎక్కించి, ప్లాస్టిక్ షీట్ చుట్టి కొన్నాళ్ళు వదిలేయాలి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఇక నల్లులు. ఈ మాట ఎత్తితే అందరూ మొహం అదోలా పెడతారు కానీ సెకండ్‌హ్యాండ్ అన్నాక ఇది చెప్పకపోతే ఎలా? పాత సోఫా, పాత పరుపు నేను ముట్టను. మంచాలు, కుర్చీలు అయితే అతుకుల సందుల్లో టార్చి వేసి చూస్తాను, నల్లటి చుక్కలు కనిపిస్తే అక్కడే వదిలేస్తాను. రంగూ పాలిషూ లేని గట్టి చెక్క అయితే సందుల్లో మరిగే నీళ్ళు పోసి ఎండలో పెట్టడం మన పాత పద్ధతి. అది పనిచేస్తుంది, ఆ పురుగు గానీ గుడ్లు గానీ అంత వేడికి బతకవు.

సరే, అసలు విషయం. టేకు.

పాత టేకు సామాను మీద నల్లగా, జిడ్డుగా కనిపించే పొర చాలాసార్లు చెక్కది కానే కాదు. ఏళ్ళ తరబడి చేతుల జిడ్డు, వంటింటి పొగ, దుమ్ము, మధ్యలో ఎవరో దీపావళికి పూసిన కొబ్బరి నూనె. అది చూసి జనం "అబ్బో, దీనికి గీకుడు యంత్రం పెట్టాల్సిందే" అనుకుంటారు. ఆగండి. గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం కుంకుడురసం కలిపి (గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలైనా సరే), మెత్తటి గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. చెక్కుడు పని ఉన్న చోట పాత టూత్ బ్రష్. వెంటనే పొడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి. మొదటి గుడ్డ పిండినప్పుడు వచ్చే నీళ్ళ రంగు చూస్తే సగం పని అయిపోయిందని మీకే అర్థమవుతుంది.

తర్వాత చిన్న పరీక్ష. హార్డ్‌వేర్ షాపులో పాలిష్ స్పిరిట్ అమ్ముతారు, దూదికి కొంచెం అంటించి కనపడని చోట, బల్ల అడుగునో వెనక కాలి మీదో, కాసేపు అదిమి పట్టండి. అక్కడ బంకగా సాగినట్టు అయిందంటే పైన ఉన్నది లక్క పాలిష్. పాతకాలపు ఫ్రెంచ్ పాలిష్ అంటే ఇదే, లక్క రేకులు స్పిరిట్‌లో కరిగించి పూసేది. పాత సామాన్లకి ఎక్కువగా ఇదే ఉంటుంది, ఇది ఉంటే మీరు అదృష్టవంతులు. ఎందుకంటే లక్క స్పిరిట్‌లో మళ్ళీ కరుగుతుంది, కొత్త కోటు వేస్తే అది కింది పాత కోటుతో కలిసిపోతుంది. మొత్తం గీకి తీసేయాల్సిన అవసరమే లేదు. 320 నంబరు వాటర్ పేపర్‌తో పైపైన తిప్పి (మా నాన్న దీన్ని ఇప్పటికీ ఉప్పు కాగితం అనే అంటారు), దుమ్ము తుడిచి, దూది ఉండకి పాత పంచె ముక్క చుట్టి, దాన్ని లక్క పాలిష్‌లో ముంచి పల్చగా, ఒకే దిక్కుగా, చెక్క గీతల వెంట లాగాలి. వెళ్ళిన చోటికి తడి ఆరకుండా మళ్ళీ వెళ్ళొద్దు. నిమిషాల్లో ఆరుతుంది కాబట్టి ఒక మధ్యాహ్నంలో మూడు నాలుగు కోట్లు పడతాయి. రెండే జాగ్రత్తలు. వానాకాలం ముసురులో చేయకండి, గాల్లో తేమకి పాలిష్ తెల్లగా మసకబారుతుంది. స్పిరిట్ భగ్గున అంటుకునే సరుకు, పొయ్యి వెలుగుతున్న చోట, దేవుడి దీపం పక్కన ఆ సీసా తెరవకండి.

లక్కకి లోపాలు లేవా అంటే ఉన్నాయి. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి చక్రం పడుతుంది. కరోనా రోజుల్లో శానిటైజర్ సీసా పెట్టిన చోటల్లా మా చుట్టాల టీపాయ్‌ల మీద గుండ్రంగా పాలిష్ లేచిపోయింది, చేసింది అందులోని ఆల్కహాలే. అందుకే భోజనాల బల్లకి లక్క వద్దు, పాలీయురెథేన్ కోటింగ్ వేయించుకోండి, మిగతా వాటికి లక్క చాలు. అవిసె నూనె కూడా మంచిదే, టేకుకి తేనె రంగు తెస్తుంది, పల్చగా రుద్ది మిగిలింది తుడిచేయాలి. కానీ ఆ తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకున్న సందర్భాలున్నాయి. విడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచేయండి. కొబ్బరి నూనె మాత్రం ఎప్పటికీ ఆరదు, దుమ్ముని పిలిచి కూర్చోబెడుతుంది.

మరి రంగు అసలు వేయనే వేయవా అంటారేమో, ఎందుకు వేయను! ఇనుముకి వేస్తాను. ట్రంకు పెట్టెకి వేస్తాను. హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు తండ్రి పేరు, ఊరి పేరు తెల్ల పెయింటుతో రాయించి ఇచ్చేవారే, ఆ పెట్టెలు ఇప్పుడు ప్రతి ఇంట్లో తుప్పు పట్టి ఉన్నాయి. రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెడితే సోఫా పక్కన బల్ల, లోపల దుప్పట్లు. ఇనుప బ్రష్‌తో తుప్పు గీకి, పొడి గుడ్డతో తుడిచి, థిన్నర్‌తో జిడ్డు తీసి, రెడాక్సైడ్ ప్రైమర్ (తుప్పు రాకుండా ముందు వేసే ఎర్రటి అడుగు రంగు) ఒక కోటు, ఎనామిల్ రెండు కోట్లు. తుప్పు మీదే ఎనామిల్ పూస్తే ఒక వానాకాలం తిరక్కుండా బుడగలు లేస్తాయి కాబట్టి రెడాక్సైడ్ మానకండి. అర లీటరు డబ్బా రెండు పెట్టెలకి వచ్చి ఇంకా మిగులుతుంది. నేను నెమలికంఠం రంగు వేశాను, మూత మీద ఉన్న మా మామయ్య పేరు మాత్రం చుట్టూ టేపు వేసి అలాగే ఉంచాను. మా అత్తగారు మొదట "పాత పెట్టె హాల్లో ఏంటమ్మా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు" అన్నారు, ఇప్పుడు వచ్చినవాళ్ళకి ఆ పెట్టె కథ ఆవిడే చెబుతున్నారు.

ఇక్కడ ఒక సీరియస్ విషయం. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో 90) మించకూడదనే రూలు మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్స్‌లో సీసం చాలా ఎక్కువగా ఉండేవి ఉన్నాయి. మీరు గీకుతున్న పాత ఉయ్యాల బల్ల, పిల్లల కుర్చీ, కిటికీ తలుపు మీద ఏ కాలం రంగు ఉందో మీకు తెలియదు. పొడిగా రుద్దితే ఆ పొడి గాల్లోకి లేస్తుంది, పిల్లలకి అది విషం. కాబట్టి పాత రంగుని ఎప్పుడూ తడిపి వాటర్ పేపర్‌తోనే తీయండి, మంచి మాస్కు పెట్టుకోండి, చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. పిల్లలూ గర్భిణులూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. రంగు గట్టిగా పట్టుకునే ఉంటే గీకకుండా దాని మీదే ప్రైమర్ వేసేయడం ఇంకా సుఖం.

బండి ఎక్కబోతే దింపించుకున్న పడక కుర్చీ సంగతి ఇప్పుడు. దీనిలో చెక్క దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది, చిరిగేది గుడ్డే. పాత గుడ్డ పారేయకండి, అదే మీ కొలత. పైనా కిందా రెండు మడతలు, ఆ మడతల్లోంచి రెండు కర్రలు దూరతాయి, అంతే దాని ఇంజనీరింగు. నేను వరంగల్ దర్రీ (నేత జంపఖానా) ఒకటి కొని దాన్ని వేయించాను. 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన దర్రీలు అవి, మందంగా, గట్టిగా ఉంటాయి, మనిషి బరువుని ఆపుతాయి. మామూలు టైలర్ల దగ్గరికి వెళ్తే "సూది విరుగుద్దమ్మా" అని పంపించేస్తారు. స్కూలు బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, వాళ్ళ మిషను మందపాటి గుడ్డని కూడా చులాగ్గా కుడుతుంది. దారం నైలాన్‌ది వాడమని చెప్పండి, మడత దగ్గర మూడు వరసలు వేయించండి, పడుకున్నవాళ్ళ బరువంతా ఆ కుట్టు మీదే.

నవారు మంచాలు, నులక మంచాలు విరిగిపోతే చాలామంది మొత్తం పొయ్యిలోకి పెట్టేస్తారు. మంచపు కోళ్ళు ఒక్కసారి చూడండమ్మా! తరిణె (చెక్కని తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి, ఎర్ర లక్క, పసుపు లక్క, నల్ల లక్క చారలు వేసిన కోళ్ళు ఇప్పుడు చేయించుకోవాలంటే ఎంతవుతుందో కనుక్కోండి. ఏటికొప్పాక బొమ్మలకి వాడేదీ ఇలాంటి పనే, తిరుగుతున్న చెక్కకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. అందుకే వీటికి ఉప్పు కాగితం తగలనివ్వకూడదు, స్పిరిట్ అసలే తగలనివ్వకూడదు, పైన రాసింది చదివారుగా. తడిగుడ్డ, పొడిగుడ్డ, అంతే. నాలుగు కోళ్ళ మీద ఒక గట్టి పలక బిగిస్తే పొట్టి టీపాయ్ అవుతుంది, కోళ్ళకి ముందే ఉన్న బెజ్జాల్లోకి అడ్డకర్రలు దూర్చుకుంటే మేకు కూడా అక్కర్లేదు. రెండే దొరికితే దీపపు స్తంభాల్లా టీవీకి అటూ ఇటూ నిలబెట్టండి.

ఇత్తడికి వస్తే, జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి. అయస్కాంతం అతుక్కుందంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. కిలో లెక్కన బేరం ఆడుతున్నప్పుడు ఇది పనికొస్తుంది. చిలుము పట్టి పచ్చగా ఉంటే చింతపండు, రాళ్ళ ఉప్పు, లేదా పీతాంబరి, ఏదైనా సరే. కానీ బొమ్మలు, పాత దీపపు కుందులు, చెక్కుడు పని ఉన్న తట్టలు, వీటిని అద్దంలా తోమేయాలని నాకు అనిపించదు, సందుల్లో ఆ నలుపు ఉంటేనే పనితనం కనిపిస్తుంది. పచ్చ చిలుము తీసేసి నలుపు వదిలేస్తాను. గంగాళంలో నీళ్ళు పోసి పూలు వేసి గుమ్మంలో పెట్టడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు, బాగానే ఉంటుంది, కాకపోతే నీళ్ళు రోజూ మార్చండి, దోమలకి అంతకన్నా మంచి ఇల్లు లేదు. ఆ గిన్నెలో వండాలని మనసు పుడితే మాత్రం కళాయి పూయించకుండా వండొద్దు, అందులోనూ పులుసులు. వేడి చేసిన గిన్నెలో నవాసాగరం చల్లి, తగరం కడ్డీ ఆనించి, దూదితో గిర్రున తిప్పేస్తారు, రెండు నిమిషాల్లో లోపలంతా వెండిలా అయిపోతుంది. చూడ్డానికైనా ఒకసారి పూయించండి.

జాకెట్టు ముక్కల సంగతి చెప్పకుండా ముగిస్తే ఈ పోస్టు తెలుగు పోస్టే కాదు. ప్రతి ఇంట్లో బీరువా కింది అరలో వరలక్ష్మీ వ్రతాలకీ, పేరంటాలకీ, గృహప్రవేశాలకీ వచ్చిన ముక్కల కట్ట ఒకటి ఉంటుంది. కుట్టించుకోం, పారేయం, ఇంకొకరికి పెడతాం, వాళ్ళు మరొకరికి పెడతారు. ఒకటి మా ఇంటికి తిరిగి వచ్చిందని నాకు గట్టి అనుమానం. అందులో పెడన కలంకారీ, పోచంపల్లి ఇక్కత్ లాంటివి విడిగా తీయండి. యాప్‌లో ఎవరో అమ్మేసే పాత ఫోటో ఫ్రేములు కొని, లోపలి అట్టకి ముక్కని బిగువుగా లాగి వెనక టేపు అతికించి గోడకి పెట్టేయండి. ఒకే రంగు కుటుంబంలోవి మూడో నాలుగో వరసగా పెడితే షాపులో కొన్న కళలా ఉంటుంది. ఫెవికాల్ గుడ్డ ముందు భాగానికి తగలనివ్వకండి, మరక కడతుంది. పొడవు ముక్క అయితే దిండు గలీబు ముందు వైపుకి సరిపోతుంది, వెనక వైపుకి పాత కాటన్ చీర.

కరెంటు వస్తువుల్లో నేను సాహసాలు చేయను. పాత ఇత్తడి టేబుల్ లాంప్ తెస్తే వైరు, హోల్డర్, ప్లగ్గు మొత్తం కొత్తవి వేయిస్తాను, లోహపు ఒళ్ళు ఉన్న లాంప్‌కి మూడు పిన్నుల ప్లగ్గూ ఎర్త్ వైరూ ఉండాల్సిందే. బిందెకి బెజ్జం పెట్టి లాంప్ చేయడం కూడా నాకు ఇష్టం లేదు, బెజ్జం పడ్డాక అది బిందె కాదు, రేపు అమ్మితే తుక్కు ధరే. పాత లాంతరులో బ్యాటరీతో వెలిగే చిన్న లైట్ల దండ వేస్తే వైరు గొడవే లేదు.

డబ్బు సంగతి. సెకండ్‌హ్యాండ్ అంటే అన్నీ చవకే అనుకోకండి. వస్తువు పన్నెండు వందలైతే ట్రాలీ ఆటో తొమ్మిది వందలు అడుగుతాడు, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు అని తెలిస్తే ఇంకో మూడు వందలు. ఆ తర్వాత వాటర్ పేపర్లు, ప్రైమర్, స్పిరిట్, బ్రష్‌లు. మొదటి వస్తువుకి ఇవన్నీ కలిసి కొత్తదాని ధరకి దగ్గరగా వచ్చేస్తాయి. నాలుగో వస్తువుకి బ్రష్‌లూ డబ్బాలూ ఇంట్లోనే ఉంటాయి కాబట్టి అప్పటి నుంచి మిగలడం మొదలవుతుంది. ఆటో ఖర్చు తగ్గించాలంటే ఒకే పేటలో రెండు మూడు వస్తువులు ముందే మాట్లాడి పెట్టుకుని ఒకే ట్రిప్పులో తెచ్చుకోవడం తప్ప నాకింకో దారి దొరకలేదు. అప్పుడు కూడా మా ఆయన "ఇదంతా ఎక్కడ పెడతావ్" అంటూనే రెండో చివర పట్టుకుంటాడు.

ప్రస్తుతం బాల్కనీలో ఒక జత కేన్ కుర్చీలు ఉన్నాయి. చెక్క టేకే, పాలిష్ లక్కే, శుభ్రం చేయడం కూడా అయిపోయింది. కూర్చునే చోట అల్లిక మాత్రం చిరిగింది, ఎనిమిది కోణాల కన్నాల జల్లెడ అల్లిక, నాకు చేతకాదు, షీటులా దొరికే రెడీమేడ్ అల్లిక వేద్దామంటే ఈ కుర్చీలకి గాడి లేదు, చుట్టూ బెజ్జాలున్నాయి, అంటే చేత్తో అల్లాల్సిందే. సికింద్రాబాద్ వైపు గానీ, పాతబస్తీలో గానీ ఇంటికి వచ్చి అల్లేవాళ్ళు మీకు తెలిస్తే కామెంట్లో పేటా, కుర్చీకి ఎంత తీసుకుంటారో చెప్పండి, ఫోన్ నంబర్ మాత్రం అక్కడ పెట్టకుండా మెయిల్ చేయండి.